స్కూల్ నాటకం ఆన్‌లైన్‌లో, టికెట్ ఉన్నవాళ్లకే: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల నాటకాన్ని ఆన్‌లైన్‌లో చూపిద్దామని ఏ స్కూల్ అనుకున్నా మొదటి మీటింగ్‌లోనే అవే సందేహాలు వస్తాయి. లింక్ బయటికి పాకిపోతే? పాట వల్ల లైవ్ ఆగిపోతే? తాతగారికి లాగిన్ కాకపోతే? టీచర్లు, తల్లిదండ్రులు, కెమెరా బాధ్యత తీసుకున్న పెద్ద క్లాసు పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ముందే ఒక మాట. స్కూల్ నాటకం విషయంలో భద్రత అంటే సినిమావాళ్లు పైరసీని ఆపడం లాంటిది కాదు. మన పిల్లల్ని ఎవరెవరు చూస్తున్నారో మనకు తెలిసి ఉండడం. జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

## ఇంకా ఏదీ ఖాయం చేయకముందు

యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లింక్ పెట్టి పంపేస్తే సరిపోదా?

అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు, అంతే. లింక్ చేతిలో ఉన్న ఎవరైనా చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. ఎవరు చూశారో మీకు పేర్లు కనిపించవు. ఒక క్లాసు గ్రూపులో పడిన లింక్ సాయంత్రానికి ఎన్ని గ్రూపులు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రైవేట్ అని పెడితే మీరు ఈమెయిల్ ఇచ్చిన ఖాతాలకే కనిపిస్తుంది కానీ, ప్రతి చుట్టానికీ గూగుల్ ఖాతా ఉండాలి, ప్రతి అడ్రసూ మీరే ఎక్కించాలి. పది పదిహేను కుటుంబాలైతే పర్వాలేదు. టికెట్ పెట్టి చూపించాలంటే మాత్రం, ఎవరి టికెట్‌కి వాళ్ల లింక్ ఇచ్చే ఆన్‌లైన్ వేదికకే వెళ్లండి.

ఇంకొకటి: కొత్త ఛానెల్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అది అందుబాటులోకి రావడానికి 24 గంటల వరకు పట్టొచ్చు. ప్రదర్శన రోజు పొద్దున ఈ సంగతి తెలిస్తే టెన్షనే.

లైవ్ చేయాలా, రికార్డ్ చేసి తర్వాత చూపించాలా?

మొదటిసారి చేస్తున్న స్కూల్ అయితే రికార్డ్ చేసి, ముందే ప్రకటించిన టైముకు చూపించండి. చూసేవాళ్లకు అందరితో కలిసి చూస్తున్న అనుభూతి ఉంటుంది. మీకేమో ఊడిన మైక్‌ని, తెర వెనక నుంచి వినిపించిన మాటల్ని, కెమెరాలో పడకూడని పిల్లవాడిని ముందే చూసుకుని సరిచేసే అవకాశం ఉంటుంది. లైవ్‌లో ఆ అవకాశం లేదు. లైవ్‌కి ఉండే ఉత్సాహం వేరు, అది నేనూ ఒప్పుకుంటాను. రెండోసారికి దాచుకోండి.

వీడియో మీటింగ్‌లో చూపిస్తే తేలిక కదా?

చూసేవాళ్ల మొహాలు, మైకులు, వాళ్ల ఇంట్లో కుక్కర్ విజిల్ అన్నీ వచ్చిపడతాయి. పైగా ఈ యాప్‌లు మాట ఒక్కటే ఉంచి మిగతాదంతా రొద అనుకుని కోసేస్తాయి. పాటలు, చప్పట్లు, తబలా నలిగిపోయి వినిపిస్తాయి. తప్పదంటే మీటింగ్ కాకుండా, చూసేవాళ్ల మొహాలూ మైకులూ రాని వెబినార్ రకం తీసుకుని, శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే సెట్టింగ్ ఆన్ చేయండి.

ఎంతమంది మనుషులు కావాలి?

కెమెరాకి ఒకరు, శబ్దానికి ఒకరు, వీడియోని నెట్‌లోకి పంపే (స్ట్రీమింగ్) కంప్యూటర్ ముందు ఒకరు, ‘లింక్ పనిచేయట్లేదు’ అనే ఫోన్లు ఎత్తడానికి ఒకరు. చివరి ఇద్దరి పనీ ఒక్కరి మీద వేయకండి. సరిగ్గా తెర లేచే వేళకే ఫోన్లన్నీ వస్తాయి.

## అనుమతులు

నాటకం వేయడానికి అనుమతి తీసుకున్నాం. స్ట్రీమింగ్‌కి మళ్లీ వేరేగా అడగాలా?

అడగాలి. వేదిక మీద ఆడే హక్కు వేరు, దాన్ని ఇంటర్నెట్ ద్వారా ప్రసారం చేసే హక్కు వేరు, రికార్డ్ చేసుకుని ఉంచుకునే హక్కు ఇంకా వేరు. నాటకాల హక్కులు చూసే సంస్థలు స్ట్రీమింగ్‌ను కూడా సాధారణంగా మూడుగా విడదీస్తాయి: లైవ్, నిర్ణీత సమయానికి చూపించే రికార్డింగ్, ఎప్పుడంటే అప్పుడు చూసుకునేది. ఒకదానికి ఇచ్చిన అనుమతి మరోదానికి చెల్లదు. కొన్ని నాటకాలకు, ముఖ్యంగా పేరున్న సంగీత నాటకాలకు, స్ట్రీమింగ్ అనుమతి అసలు దొరకదు. అందుకని పాత్రలు పంచకముందే అడగండి. ఎన్ని ప్రదర్శనలు, ఎన్ని టికెట్లు, ఎన్ని రోజులు అందుబాటులో ఉంటుంది, ఏ దేశాల్లో చూడొచ్చు అనేవి రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్‌లో ‘సరే కానివ్వండి’ అంటే అది అనుమతి కాదు.

రచయిత ఎప్పుడో పోయారు. పాత నాటకానికి కూడా అనుమతి కావాలా?

ఎప్పుడు పోయారన్నదాన్ని బట్టి. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణం తర్వాత కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది. భారతదేశంలో అది 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 70. చూసేవాళ్లు వేరే దేశంలో ఉంటే అక్కడి లెక్క కూడా చూసుకోవాలి. ఎక్కువమంది పప్పులో కాలేసేది అనువాదాల దగ్గర. షేక్‌స్పియర్ 1616లో పోయారు, ఆయన నాటకాలకు ఎవరినీ అడగక్కర్లేదు. మీరు ఆడుతున్న తెలుగు అనువాదం పోయిన ఏడాది వచ్చిందైతే ఆ అనువాదకుల అనుమతి కావాలి. పాత కథను కొత్తగా నాటకీకరించినవాళ్లకూ అంతే.

మధ్యలో రెండు నిమిషాల సినిమా పాట ఉంది. ఫర్వాలేదు కదా?

‘30 సెకన్ల లోపైతే ఏమీ కాదు’ అనేది ఎక్కడ పుట్టిందో గానీ, అలాంటి నియమం లేదు. ఒక్క పాటలో రెండు రకాల హక్కులుంటాయి: పాట రాసి స్వరపరిచినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్‌ది మరొకటి. హాల్లో పాట వేసుకోవడానికి తీసుకున్న లైసెన్సు, వీడియోకి దాన్ని జతచేయడానికి సాధారణంగా వర్తించదు. చట్టం సంగతి అటుంచితే, ఉచిత వేదికల్లో పాటల్ని గుర్తుపట్టే యంత్రాంగం ఉంటుంది. అది నాటకం మధ్యలో మీ లైవ్‌ని ఆపేయగలదు, మీరు ఎవరితోనూ వాదించలేరు.

అన్నిటికన్నా మంచి దారి స్కూల్ సంగీతం టీచర్‌తోనో, పాడే పిల్లలతోనో కొత్త వరసలు కట్టించుకోవడం. ఖర్చు లేదు, నాటకానికి అందం కూడా. విరామంలో వేసే పాటలకూ ఇదే వర్తిస్తుంది, అది మర్చిపోతుంటారు.

అడ్మిషన్ ఫారంలో ఫొటోలకు సంతకం పెట్టించాం. అది చాలదా?

చాలదు. ఫొటో వేరు, గంటన్నర పాటు మొహం, గొంతు, పేరు అన్నీ కనిపించే వీడియో వేరు. ఈ నాటకానికే ఒక పేజీ ఫారం రాయండి. ఎవరు చూస్తారు, లైవా రికార్డింగా, ఎన్ని రోజులు ఉంటుంది, పిల్లల పేర్లు తెర మీద పడతాయా, తర్వాత కాపీ ఎవరి దగ్గర ఉంటుంది, మనసు మార్చుకుంటే ఎవరికి చెప్పాలి అనేవి మామూలు మాటల్లో ఉండాలి. చట్టాలు వయసును వేరువేరుగా లెక్కిస్తాయి. భారతదేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. అమెరికా పిల్లల గోప్యతా చట్టం 13 ఏళ్ల లోపు వాళ్లకు వర్తిస్తుంది. మీ చోట ఏది వర్తించినా, తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల్ని కూడా ఒకసారి అడగండి. వేదిక మీద హుషారుగా ఉండే పిల్ల కెమెరా అనగానే ముడుచుకుపోవచ్చు.

ఒక్కరు ఒప్పుకోలేదు. ఆ పాపది ముఖ్య పాత్ర. ఇప్పుడేం చేయాలి?

కారణం అడగకండి. కుటుంబ కోర్టు గొడవ ఉండొచ్చు, ఎవరికీ తెలియకూడదని ఊరు మారి ఉండొచ్చు. ‘ఏం కాదులెండి, అందరూ ఒప్పుకున్నారు’ అని నచ్చజెప్పడం అసలు చేయకూడని పని. ఆ ఇల్లు ఎక్కడుందో ఒక మనిషికి తెలియకుండా ఉండడం మీద ఆ పాప క్షేమం ఆధారపడి ఉండవచ్చు. స్కూల్ యూనిఫాం, వెనక కనిపించే బ్యానర్, ఒక పేరు, ఈ మూడూ కలిస్తే చాలు, ఆచూకీ దొరికిపోతుంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రెండు ప్రదర్శనలు ఉంటే ఒకదానిలో ఆ పాత్ర మరొకరు వేసి, దాన్ని మాత్రమే చూపించొచ్చు. పాత్రకు నప్పితే ముసుగో, పూర్తి మేకప్పో, మారుపేరో పెట్టొచ్చు, అదీ కుటుంబం సరేనంటేనే. రికార్డ్ చేసి ఆ సన్నివేశాలు తీసేయొచ్చు. లైవ్‌లో మొహం మసకబార్చే సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోవద్దు. పిల్ల పక్కకు తిరిగి మళ్లీ ఇటు తిరిగే లోపు మొహం కనిపించేస్తుంది. ఏదీ కుదరకపోతే స్ట్రీమింగ్ మానేయండి. పిల్లని నాటకంలోంచి తీసేయడం మాత్రం పరిష్కారం కాదు.

## టికెట్లు, లాగిన్‌లు

టికెట్ పెట్టాం కదా, అంటే బయటివాళ్లు రానట్టేగా?

కాదు. ఇది చాలామందికి తట్టని సంగతి. టికెట్ అమ్మకం అందరికీ తెరిచి ఉంటే డబ్బు కట్టిన ఎవరైనా లోపలికి వచ్చేస్తారు. హాల్లో అయితే గేటు దగ్గర నిలబడ్డ పీఈటీ సార్ తెలియని మొహాన్ని ఆపుతారు, ఆన్‌లైన్‌లో ఆ కళ్లు లేవు. అందుకని అమ్మకం పిల్లల ద్వారానే జరగాలి: ప్రతి కుటుంబానికీ కొన్ని కోడ్‌లు ఇవ్వండి, కోడ్ ఉంటేనే టికెట్ కొనగలిగేలా పెట్టండి. అప్పుడు ప్రతి టికెట్ వెనకా ఏ పిల్లవాడి తరఫు మనిషో మీ దగ్గర రాసి ఉంటుంది. ఎవరి కోడ్ ద్వారా వచ్చారో తెలుస్తుందంటేనే చాలామంది జాగ్రత్తగా ఉంటారు.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇస్తే పని తేలిక కదా?

తేలికే, మీకూ, టికెట్ లేనివాళ్లకూ. బయటికి పొక్కితే ఎవరి దగ్గర నుంచి పోయిందో తెలియదు. మారిస్తే డబ్బు కట్టినవాళ్లు కూడా బయట పడిపోతారు. ఒక్కో టికెట్‌కి ఒక్కో లింక్ ఉంటే ఆ ఒక్కదాన్నే రద్దు చేయొచ్చు.

ఒకళ్ల లింక్ ఇంకొకళ్లకి పంపుకుంటే?

మంచి వేదికలు ఒక టికెట్ మీద ఒకేసారి ఒక్క పరికరంలోనే చూడనిస్తాయి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదట తెరిచినవాళ్లకే అనుమతి ఇచ్చి తర్వాతివాళ్లను ఆపేది ఒకటి, కొత్తగా తెరిచిన పరికరంలో నడిపించి పాతదాన్ని ఆపేసేది మరొకటి. రెండోదే తీసుకోండి. ఫోన్‌లో తెరిచి, ‘అబ్బ, చిన్నగా ఉంది’ అనుకుని ల్యాప్‌టాప్‌కి మారే అమ్మమ్మ మొదటి పద్ధతిలో బయట ఉండిపోతుంది. వీడియో అడ్రస్ కూడా కొద్దిసేపే చెల్లే డిజిటల్ సంతకంతో ఉండాలి. అలా ఉంటే పేజీలోంచి అడ్రస్ ఒక్కటే లాగి పంపినా కాసేపటికి పనిచేయదు. వేదికవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

టికెట్ మనిషికా, ఇంటికా?

ఇంటికి. సోఫాలో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టలేం, పెట్టక్కర్లేదు కూడా. హక్కుల సంస్థ తలకి ఇంత అని అడిగితే మాత్రం కొనేటప్పుడే ఎంతమంది చూస్తారో అడిగి రాసుకోండి.

స్క్రీన్ రికార్డింగ్ ఆపగలమా?

పూర్తిగా ఆపలేం. గూగుల్‌ది వైడ్‌వైన్, ఆపిల్‌ది ఫెయిర్‌ప్లే, మైక్రోసాఫ్ట్‌ది ప్లేరెడీ అనే డీఆర్‌ఎం తాళాలున్నాయి, అంటే వీడియోని కాపీ చేయకుండా అడ్డుకునేవి. వీటితో చాలా పరికరాల్లో స్క్రీన్ రికార్డ్ చేస్తే నల్లటి తెర వస్తుంది. కానీ టీవీ ముందు ఇంకో ఫోన్ పట్టుకుని తీస్తే ఏ తాళమూ పనికిరాదు. ఈ తాళాలకు ఖర్చుంది, పాత టీవీల్లో, పాత ఫోన్లలో వీడియో అసలు తెరుచుకోకపోవడం కూడా ఉంది.

స్కూల్ నాటకానికి నేనైతే డీఆర్‌ఎం కన్నా వాటర్‌మార్క్‌కే ఓటేస్తాను. చూసేవాళ్ల ఈమెయిలో, టికెట్ నంబరో పల్చగా తెర మీద అక్కడక్కడా కదులుతూ ఉంటుంది. తన పేరున్న వీడియోని ఎవరూ ధైర్యంగా పంచరు. అది కనిపిస్తుందని టికెట్ ఇచ్చేటప్పుడే చెప్పండి.

విదేశాల్లో ఉన్న మేనమామలు, పెద్దమ్మలు చూడొచ్చా?

హక్కుల ఒప్పందంలో ఆ దేశం ఉంటే చూడొచ్చు. టికెట్ మీద టైము ఒక్కటే వేయకండి, ఏ దేశపు టైమో, ఏ తేదీయో కూడా రాయండి. ఇక్కడ శనివారం సాయంత్రం అంటే కొన్ని చోట్ల శనివారం పొద్దున, కొన్ని చోట్ల అప్పటికే ఆదివారం. అలాంటివాళ్ల కోసం ఒకటి రెండు రోజులు రికార్డింగ్ ఉంచగలిగితే నిద్ర మానుకునే బాధ తప్పుతుంది.

## కెమెరా, శబ్దం, నెట్

ఇంటర్నెట్ స్పీడ్ ఎంత ఉండాలి?

చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. 1080పి వీడియోకి 4 నుంచి 6 ఎంబీపీఎస్ పంపుతాం అనుకుంటే అప్‌లోడ్ దానికి రెట్టింపు నిలకడగా రావాలి. రాకపోతే 720పికి దిగి 3 ఎంబీపీఎస్‌లో పంపండి. ఆగి ఆగి వచ్చే స్పష్టమైన బొమ్మకన్నా ఆగకుండా నడిచే మామూలు బొమ్మ నయం. 5 ఎంబీపీఎస్‌లో రెండు గంటలు పంపితే సుమారు 4.5 జీబీ అవుతుంది, మొబైల్ డేటా మీద ఆధారపడేవాళ్లు లెక్క చూసుకోండి.

వైఫై వద్దు, కేబుల్ వేయండి. ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా నడిచిన వైఫై, నాలుగు వందల ఫోన్లు లోపలికి రాగానే నీరసపడిపోతుంది.

ఫోన్‌తో తీస్తే సరిపోతుందా?

చిన్న నాటికకి సరిపోతుంది. స్టాండ్ మీద కదలకుండా పెట్టి, ఛార్జర్ తగిలించి, ఫోన్ కాల్స్ రాకుండా చేయండి. మామూలు కెమెరా అయితే రెండు విషయాలు ముందే చూడండి. కొన్ని కెమెరాలు అరగంట తర్వాత రికార్డింగ్ వాటంతటవే ఆపేస్తాయి. కొన్ని, బ్యాటరీ గుర్తులూ సెట్టింగులూ ఉన్న తెరనే బయటికి పంపుతాయి. కెమెరా వెనక వరసలో ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్ పొడవు ఎక్కువై సిగ్నల్ తప్పుతుంటుంది, పొడవైన దూరాలకు ఎస్‌డీఐ కేబుల్ వాడతారు.

మొహాలన్నీ తెల్లగా కాలిపోయినట్టు వస్తున్నాయి. ఎందుకు?

వేదిక చుట్టూ చీకటి ఎక్కువ. ఆటో సెట్టింగ్‌లో ఉన్న కెమెరా ఆ చీకటిని చూసి మొత్తం వెలుగు పెంచేస్తుంది, లైటు కింద ఉన్న మొహం పోతుంది. ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగు), ఫోకస్ మూడూ చేత్తో పెట్టి తాళం వేయండి. అత్యంత వెలుగున్న సన్నివేశంలో మొహం చూసి పెట్టుకోవాలి. గీతలు పారుతుంటే షట్టర్‌ని మీ కరెంటుకి తగ్గట్టు, 50 హెర్ట్జ్ చోట 1/50కి, 60 హెర్ట్జ్ చోట 1/60కి మార్చి చూడండి.

హాల్లో బాగానే వినిపిస్తోంది, లైవ్‌లో మాటలు అర్థం కావట్లేదు అంటున్నారు.

బొమ్మ కాస్త బాగోకపోయినా జనం చూస్తారు, మాట వినిపించకపోతే లేచిపోతారు. కెమెరా మీద ఉన్న మైక్ హాలు చివర ఉంటుంది. దానికి ముందు వినిపించేది చుట్టూ ఉన్నవాళ్ల దగ్గు, కుర్చీల కిర్రు, ఎదుటి గోడకు కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని. ఆ తర్వాతే డైలాగ్.

మైకులన్నిటినీ కలిపే మిక్సర్ నుంచి స్ట్రీమింగ్‌కి విడిగా ఒక లైను తీసుకోండి. హాల్ స్పీకర్లకు వెళ్లే మిశ్రమాన్నే పంపితే కూడా తేడా వస్తుంది. గట్టిగా మాట్లాడే పిల్లాడికి హాల్లో మైక్ తగ్గించి ఉంచుతారు, ఎలాగూ వినిపిస్తుంది కాబట్టి. ఇంట్లో కూర్చున్నవాళ్లకు వాడు గొణుగుతున్నట్టే ఉంటుంది. అందుకే వేరే లైను, వేరే లెవెళ్లు. దానికి తోడు ప్రేక్షకుల వైపు ఒక మైక్ పెట్టి కొంచెంగా కలపండి. నవ్వులు, చప్పట్లు లేని హాస్య సన్నివేశం ఇంట్లో చూస్తుంటే చప్పగా ఉంటుంది. అందరికీ కాలర్ మైకులు లేకపోతే వేదిక అంచున నేల మీద పెట్టే మైకులు రెండు మూడు బాగానే పనిచేస్తాయి, కాలి చప్పుడు కొంత భరించాలి. స్ట్రీమింగ్ దగ్గర కూర్చున్న మనిషి చెవులు మూసే హెడ్‌ఫోన్‌తో వినాలి, హాల్ శబ్దం విని బాగుందనుకోకూడదు.

మా కంప్యూటర్ నుంచి వీడియో వెళ్లే దారిలో ఎవరైనా దూరగలరా?

వీడియో పంపే పద్ధతుల్లో ఆర్‌టీఎంపీఎస్, అంటే చివర ‘ఎస్’ ఉన్నది ఎంచుకుంటే దారి పొడవునా గుప్తీకరించి వెళుతుంది. అసలు ప్రమాదం స్ట్రీమ్ కీ దగ్గర, అంటే మీ ఛానెల్‌కి వీడియో పంపడానికి వేదిక ఇచ్చే రహస్య కోడ్ దగ్గర. అది తెలిసినవాళ్లు మీ ఛానెల్‌లోకి వాళ్ల వీడియో పంపగలరు. కీ కనిపించే తెరను ఫొటో తీసి గ్రూపులో ‘ఇలా సెట్ చేశాం’ అని పెట్టకండి. పెట్టేసి ఉంటే వెంటనే కొత్త కీ తీసుకోండి.

రిహార్సల్ రోజే స్ట్రీమింగ్ కూడా చేసి చూడాలా?

తప్పకుండా. పూర్తి దుస్తులు, పూర్తి లైట్లు, అసలు టికెట్ వేదిక. కంప్యూటర్లంటే భయపడే పెద్దవాళ్లెవరికైనా ఒక పరీక్ష టికెట్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా లోపలికి రమ్మనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో మీ సూచనల కాగితంలో అక్కడే రాయాలి.

## ప్రదర్శన రోజు

‘లింక్ రాలేదు’ అని ఫోన్ల మీద ఫోన్లు. ఏం చేయాలి?

సగం లింకులు స్పామ్ ఫోల్డర్‌లో ఉంటాయి, మిగతా సగంలో చాలావరకు కొనేటప్పుడు ఈమెయిల్ తప్పు కొట్టినవే. ఒక రోజు ముందు ఒకసారి, గంట ముందు మరోసారి పంపండి. సహాయం చేసే మనిషి ముందు టికెట్ల జాబితా తెరిచి ఉండాలి. పేరు, పిల్లవాడి క్లాసు అడిగి సరిచూసుకున్నాకే కొత్త లింక్ ఇవ్వాలి. ‘నేను ఫలానా వాళ్ల బాబాయిని, అర్జెంటుగా పంపండి’ అన్నంత మాత్రాన ఇచ్చేస్తే అంతవరకు వేసుకున్న గేట్లన్నీ వృథా.

తాతగారు టీవీలో చూడాలంటున్నారు.

ల్యాప్‌టాప్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. ఫోన్ నుంచి కాస్ట్ చేయడం, అంటే వైరు లేకుండా టీవీకి పంపడం, వేదికను బట్టి ఉంటుంది, ముందురోజే చూసుకోమనండి. టీవీలోని బ్రౌజర్ ఆఖరి ప్రయత్నం.

మధ్యలో నెట్ పోతే?

ముందే వేరే కంపెనీ సిమ్‌తో ఒక హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి. ఒకే కంపెనీవి రెండూ అయితే రెండూ కలిసే పోతాయి. వేదిక మీద నాటకం ఆపకండి. చూసేవాళ్లకు ‘సరిచేస్తున్నాం, పేజీ మూయకండి’ అని ఒక బోర్డు కనిపించాలి, మెసేజ్ కూడా వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం: స్ట్రీమింగ్ జరుగుతున్నా కంప్యూటర్‌లో రికార్డింగ్ కూడా నడుస్తూ ఉండాలి. ఓబీఎస్ అనే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే రికార్డింగ్‌ని ఎంకేవీ రకం ఫైలుగా దాచండి. సాధారణ ఎంపీ4 అయితే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగినప్పుడు ఫైలంతా తెరుచుకోకుండా పోవచ్చు.

విరామంలో ఏం చూపించాలి?

కదలని బోర్డు, ఎన్ని నిమిషాలో చెప్పే అంకెలు, అంతే. హాల్‌ని చూపించకండి, అక్కడ తిరిగే పిల్లలకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు. మైకులన్నీ కట్టేయడం ఒకరి పనిగా పేరుపెట్టి అప్పగించండి. కాలర్ మైక్ తగిలించుకున్న పిల్లలు గ్రీన్‌రూంలో ఏం మాట్లాడతారో, మేకప్ టీచర్ ఎవరి మీద విసుక్కుంటారో అదంతా ఇళ్లల్లో టీవీల్లో వినిపిస్తుంది.

లైవ్ చాట్ ఉంచాలా?

వద్దు. ప్రేమతోనే అయినా ‘మా ఫలానా, ఫలానా సెక్షన్, సూపర్!’ అని పూర్తి పేరు రాసేస్తారు. అభినందనలకు తర్వాత ఒక ఫారం పెట్టండి, టీచర్ చదివి పిల్లలకు చెబుతారు.

హాల్లో జరిగిపోయిన అరనిమిషానికి వస్తోంది. తప్పెక్కడ?

తప్పేమీ లేదు. వీడియో ఆరేడు సెకన్ల ముక్కలుగా వెళుతుంది, ఆగకుండా నడవడానికి ప్లేయర్ కొన్ని ముక్కలు ముందే దాచుకుంటుంది. హాల్లో ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసి ‘ఇప్పుడే వచ్చాడు చూడు’ అనకుండా ఉంటే చాలు.

తెలియనివాళ్లు చూస్తున్నట్టు అనుమానం వచ్చింది.

ఆ టికెట్‌ని అక్కడికక్కడే రద్దు చేయండి, తర్వాత విచారించండి. పొరపాటున బంధువునే ఆపేస్తే క్షమాపణ చెప్పి కొత్త లింక్ ఇవ్వొచ్చు. లింక్ బయట ఎక్కడో బహిరంగంగా కనిపిస్తే స్ట్రీమ్ ఆపాలా వద్దా అనేది ఎవరు నిర్ణయించాలో ముందే అనుకుని ఉండండి. ఆ మనిషి ఆ సమయంలో హాల్లోనే, ఫోన్ ఆన్‌లో పెట్టుకుని ఉండాలి.

## తెర పడ్డాక

రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచొచ్చు?

హక్కుల ఒప్పందంలోనూ, తల్లిదండ్రుల ఫారంలోనూ రాసిన రోజుల్లో ఏది తక్కువైతే అది. ‘ఇంకా చూడలేదు’ అనేవాళ్లు చివరి రోజున తప్పకుండా ఉంటారు, వాళ్లకోసం గడువు పొడిగించకండి.

మా అబ్బాయి వేసిన భాగం వరకైనా ఇవ్వండి అంటున్నారు.

అందులో మిగతా పిల్లలు కూడా ఉంటారు. కాపీ ఇచ్చే ఉద్దేశం ఉంటే మొదటి ఫారంలోనే అందరినీ అడిగి, హక్కుల సంస్థ నుంచి రికార్డింగ్ అనుమతి కూడా తీసుకుని ఉండాలి. లేకపోతే ఫొటోలు ఇవ్వండి, ఒప్పుకున్న పిల్లలవి.

స్ట్రీమ్ సగంలో ఆగిపోయింది. డబ్బు తిరిగి ఇవ్వాలా?

కంప్యూటర్‌లో దాచిన రికార్డింగ్ ఉంటే, దాన్ని చూపించే హక్కు కూడా ఉంటే, ముందు అది చూడమనండి. అయినా వద్దంటే వాపసు ఇచ్చేయండి. చూసేవాళ్ల ఇంట్లో నెట్ పోయినదానికి వాపసు ఉండదని టికెట్ మీదే రాసి ఉండాలి.

అంతా అయ్యాక ఏమేం తీసేయాలి?

వీడియో ఒక్క వేదిక మీదే ఉందనుకుంటాం. నిజానికి అది స్ట్రీమింగ్ కంప్యూటర్‌లో, కెమెరా కార్డులో, ఎడిట్ చేసిన సీనియర్ విద్యార్థి ల్యాప్‌టాప్‌లో, పంపడానికి వాడిన డ్రైవ్‌లో, రిహార్సల్ పరీక్ష వీడియోగా ఇంకోచోట ఉంటుంది. అన్నిటి జాబితా మొదటి రోజే రాసుకుంటే చివర ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోవచ్చు. స్కూల్ గుర్తుగా ఒక కాపీ ఉంచుకునే అనుమతి ఉంటే పాస్‌వర్డ్ ఉన్న డ్రైవ్‌లో పెట్టి, ఎవరి దగ్గర ఉందో రాసి పెట్టండి. టికెట్ కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు లెక్కలకు కావలసినంత మేరకే ఉంచి మిగతావి తీసేయాలి. వచ్చే ఏడాది అడ్మిషన్ల ప్రకటన పంపడానికి వాటిని వాడుకోవద్దు, వాళ్లు నంబరు ఇచ్చింది దానికోసం కాదు.